ఏరు దాటే బిల్లులు మాత్రమే కావాలంటే: పవర్ ఆటోమేట్‌లో లిస్టును షరతులతో వడగట్టడం

అడిగిన సంగతి ఇదీ. పర్లాకిమిడిలో హోల్‌సేల్ కిరాణా. బిల్లులన్నీ షేర్‌పాయింట్ లిస్టులో (మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ పట్టిక) ఎక్కుతున్నాయి, ఇప్పటికి ఏడు వేలు దాటాయి. రోజూ తెల్లవారి 5 గంటలకి పవర్ ఆటోమేట్ ఫ్లో (పనులు వాటంతట అవే జరిగేలా వరసగా పేర్చిన మెట్లు) నడిచి, ఒడిశా దాటి, అంటే ఏరు దాటి ఆంధ్ర వైపుకో ఇంకో రాష్ట్రానికో పోయే బిల్లుల్లో 50,000 రూపాయలు మించినవి, ఇంకా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్‌టీ కింద తీసుకునే ఎలక్ట్రానిక్ పత్రం) నంబరు పడనివి ఏరి ఒక్క మెయిల్‌లో పంపాలి. ఇప్పుడున్న ఫ్లోలో గెట్ ఐటమ్స్ (లిస్టు నుంచి వరుసలు తెచ్చేది), దాని కింద అప్లై టు ఈచ్ (ఒక్కో వరుసనీ తిరగేసే లూప్), లోపల కండిషన్, ఎస్ వైపు మెయిల్. అయితే బిల్లుకొక మెయిల్ వస్తోంది. కొత్త బిల్లులు అసలు కనబడటం లేదు. పేజినేషన్ (మిగతా వరుసల్ని విడతలుగా తెచ్చే సెట్టింగ్) ఆన్ చేస్తే అరగంట నడుస్తోంది. నంబరు పడిపోయిన బిల్లులు కూడా కొన్ని జాబితాలోకి వస్తున్నాయి.

ముందు లూప్ తీసేయండి. మీ కష్టాల్లో సగం దాంతోనే పోతాయి. మిగిలిన సగం కాలమ్‌లు పెట్టిన పద్ధతిలో ఉంది, దాని సంగతి కింద వివరంగా రాస్తాను.

కొత్త బిల్లులు ఎందుకు రావటం లేదంటే, గెట్ ఐటమ్స్‌కి ఏమీ చెప్పకపోతే 100 వరుసలే తెస్తుంది, అవీ ఐడీ వరసలో. అంటే లిస్టు మొదలుపెట్టిన రోజుల నాటి పాత బిల్లులు. సెట్టింగ్స్‌లో పేజినేషన్ ఆన్ చేసి త్రెషోల్డ్ పెంచారు, బాగుంది. కానీ మామూలు ఆఫీస్ 365 లైసెన్సు మీద ఆ గడిలో 5,000కి మించి పెట్టనివ్వదు. మీ దగ్గర ఏడు వేలు ఉన్నాయి. కాబట్టి చివరి రెండు వేలు, అంటే మీకు అసలు కావాల్సినవి, అప్పుడూ బయటే ఉండిపోయాయి. అరగంట నడిచింది కూడా పాత బిల్లుల్ని ఒక్కొక్కటే తిరగేయడానికే.

దీనికి తోడు రోజువారీ కోటా ఒకటి ఉంది. ఆఫీస్ 365తో వచ్చే పవర్ ఆటోమేట్‌కి మనిషికి రోజుకి 6,000 రిక్వెస్టులు. లూప్ లోపలి ప్రతి యాక్షన్, కండిషన్‌తో సహా, తిరిగిన ప్రతిసారీ ఒకటిగా లెక్కపడుతుంది. 5,000 బిల్లుల మీద ఒక్క కండిషన్ పెడితేనే 5,000 ఖర్చు. అదే పనిని ఫిల్టర్ యారే అనే యాక్షన్ ఒక్క రిక్వెస్టుతో చేస్తుంది. వేగం కోసం లూప్‌కి కాంకరెన్సీ 50 (ఒకేసారి 50 వరుసలు నడపడం) పెట్టమని సలహా ఇస్తుంటారు. పెడితే త్వరగా అవుతుంది గానీ కోటా తగ్గదు. పైగా లూప్ లోపల సెట్ వేరియబుల్ వాడి ఉంటే ఒక బిల్లు రాసిన విలువను ఇంకో బిల్లు చెరిపేస్తుంది. వద్దు.

బియ్యం కొట్లో చేసే పద్ధతే ఇక్కడా. ముందు ముతక జల్లెడ, తర్వాత సన్న జల్లెడ. ముతక జల్లెడ గెట్ ఐటమ్స్‌లో ఉండే ఫిల్టర్ క్వెరీ. అది షేర్‌పాయింట్ దగ్గరే పనిచేస్తుంది, అక్కరలేని వరుస ఫ్లోలోకే రాదు. సన్న జల్లెడ ఫిల్టర్ యారే. అది వచ్చేసిన వరుసల మీద ఫ్లో లోపల పనిచేస్తుంది. ముతక జల్లెడకి తేదీ, మొత్తం లాంటి మొండి షరతులు ఇవ్వాలి. ఖాళీ గడులు, తప్పు రాతలు, ‘ఇది కాక మిగిలినవన్నీ’ లాంటి సున్నితమైనవి సన్న జల్లెడకి వదలాలి. ఈ పంపకం తారుమారైతే ఫ్లో నెమ్మదిస్తుంది, లేదంటే బిల్లులు చడీచప్పుడు లేకుండా జారిపోతాయి.

కాలమ్‌ల పేర్ల సంగతి

ఫిల్టర్ క్వెరీలో తెర మీద కనబడే పేరు రాస్తే పనిచేయదు, లోపలి పేరు రాయాలి. కాలమ్ పుట్టినప్పుడు పెట్టిన పేరే లోపలి పేరుగా ఉండిపోతుంది, తర్వాత పైపేరు ఎన్నిసార్లు మార్చినా అది మారదు. పేరులో ఖాళీ ఉంటే దాని స్థానంలో ‘_ఎక్స్0020_’ చేరుతుంది. అసలు చిక్కు తెలుగులోనో ఒడియాలోనో పేరు పెట్టినప్పుడు వస్తుంది. ఒక్కో అక్షర సంకేతం, గుణింతం గుర్తుతో సహా, ఏడు ఇంగ్లీషు క్యారెక్టర్లుగా మారుతుంది. లోపలి పేరుకి ఉన్న చోటు 32. ‘బిల్లు’లో బ, గుడి, ల, పొల్లు, మళ్ళీ ల, కొమ్ము. నాలుగు సంకేతాలకే 28 అయిపోయాయి, అయిదోది మధ్యలో తెగిపోతుంది. అందుకని ‘బిల్లు తేదీ’, ‘బిల్లు మొత్తం’ అని రెండు కాలమ్‌లు పెడితే లోపల రెండూ ఒకేలా ఉండి, చివర ఒక అంకె మాత్రమే తేడాగా మిగులుతుంది. ఏది తేదీయో ఏది మొత్తమో కంటికి తెలియదు. ఎక్సెల్ నుంచి లిస్టు తయారుచేసి ఉంటే ఇంకో రకం: ఫీల్డ్_1, ఫీల్డ్_2 అని ఉంటాయి.

లోపలి పేరు చూడాలంటే లిస్ట్ సెట్టింగ్స్‌కి వెళ్ళి కాలమ్ మీద నొక్కండి. పైన అడ్రస్ బార్ చివర ‘ఫీల్డ్=’ తర్వాత ఉన్నదే అది. అక్కడ అండర్‌స్కోర్ బదులు ‘%5ఎఫ్’ అని కనబడితే దాన్ని అండర్‌స్కోర్‌గా మార్చి రాసుకోవాలి. అలాగే కాపీ చేసి పెట్టి, ఫ్లో ఎందుకు తిడుతోందో తెలియక తలపట్టుకునేవాళ్ళు చాలామంది.

కొత్తగా పెట్టే కాలమ్‌లకి ముందు ఖాళీల్లేని ఇంగ్లీషు పేరు పెట్టి సేవ్ చేసి, ఆ తర్వాత పైపేరు తెలుగులోకి మార్చుకోండి. లోపల ఇంగ్లీషు, బయట తెలుగు, ఇద్దరికీ సుఖం. ఈ సమాధానంలో కింది పేర్లు వాడుతున్నాను: బిల్‌డేట్, ఈవేవాల్యూ, షిప్‌స్టేట్, ఈడబ్ల్యూబీనంబర్ (ఈ-వే బిల్లు నంబరు), క్యాన్సిల్డ్. పేర్లనీ ఫంక్షన్‌లనీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషులోనే కొట్టాలి.

షిప్‌స్టేట్ అంటే సరుకు దిగే రాష్ట్రం. ఇందులో పేరు కాకుండా జీఎస్‌టీ రాష్ట్ర కోడ్ రాయించండి: ఒడిశాకి 21, ఛత్తీస్‌గఢ్‌కి 22, తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. మామూలు టెక్స్ట్ కాలమ్ చాలు. ఊరి పేరు మీద వడగట్టాలనుకుంటే మాత్రం మానుకోండి. మన ఊరి పేరే ఇంగ్లీషులో పర్లాకిమిడి అని ఒకరు, పరలాఖెముండి అని ఒకరు రాస్తారు. ఏరు అవతలి పాతపట్నాన్ని ‘టీ’ పక్కన ‘హెచ్’ పెట్టి కొందరు, పెట్టకుండా కొందరు. తెలుగులో రాస్తే గొడవ తీరుతుందా అంటే అదీ లేదు. ‘పాతపట్నం’, ‘పాతపట్నమ్’ కంప్యూటరుకి రెండు వేరే ఊళ్ళు. అంతకన్నా దొంగది, పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు చేర్చే కనబడని విడదీత గుర్తు. అది ఉన్న ‘స్టోర్స్’, లేని ‘స్టోర్స్’ చూపుకి ఒకేలా ఉండొచ్చు, పోలిస్తే సమానం కావు, అటూ ఇటూ స్పేసులు తీసే ట్రిమ్ ఫంక్షన్ కూడా దాన్ని తీయదు. ఒడియాలోనూ ఇదే. ‘ఒడిశా’ అనే మాటలో కింద చుక్క ఉన్న డకారం ఒక కీబోర్డులో ఒకే సంకేతంగా, ఇంకోదాంట్లో డకారం, చుక్క అని రెండుగా పడుతుంది. మూడు లిపుల్లో బిల్లులు రాసే కొట్లో పేర్ల మీద ఫిల్టర్ పెట్టడం ఇసుకలో గోడ కట్టడమే.

జీఎస్‌టీ నంబరు మొదటి రెండంకెలు రాష్ట్ర కోడే కదా, దానితోనే వడగడితే పోదా అని అనిపించవచ్చు. అన్ని బిల్లులకీ అది ఉండదు. ఏరు అవతలి చిన్న కొట్లవాళ్ళు చాలామంది రిజిస్టర్ కాకపోవచ్చు. 21తో మొదలయ్యే నంబరున్న పర్లాకిమిడి వ్యాపారి సరుకు నేరుగా పాతపట్నంలో దింపమనవచ్చు. మీకు కావాల్సింది బండి ఎక్కడికి పోతోందన్నది. దానికి విడిగా కాలమ్ ఉండాల్సిందే. పిన్‌కోడ్ కూడా ఉంటే సరిచూసుకోవడానికి పనికొస్తుంది: మన గజపతి వైపు 761, రాయగడ 765, అవతల శ్రీకాకుళం 532, విజయనగరం 535. పిన్‌కోడ్ కాలమ్‌ని నంబరుగా కాకుండా టెక్స్ట్‌గా పెట్టండి. ‘స్టార్ట్స్‌విత్’ టెక్స్ట్ మీదే పనిచేస్తుంది.

ఈవేవాల్యూ గురించి రెండు మాటలు. 50,000 హద్దుని బిల్లులోని సరుకు ధరతో పోల్చకూడదు, జీఎస్‌టీ కలిపిన మొత్తంతో పోల్చాలి. 48,500 రూపాయల సరుకు మీద 5 శాతం పన్ను పడితే 50,925 అవుతుంది, హద్దు దాటినట్టే. మీరు ఇప్పుడు పన్నుకి ముందున్న కాలమ్ మీద షరతు పెట్టి ఉంటే ఇలాంటివి తప్పిపోతున్నాయి. అదే బిల్లులో పన్ను లేని సరుకు కూడా కలిసి ఉంటే దాని విలువ ఈ లెక్కలోకి రాదు, కాబట్టి బిల్లు కింద ఉన్న గ్రాండ్ టోటల్ కూడా సరైన అంకె కాదు. పన్ను పడే సరుకు, దాని పన్ను, రెండూ కలిపిన అంకెను బిల్లు ఎక్కించేటప్పుడే ఒక నంబర్ కాలమ్‌లో వేయించండి. దాన్ని కాలిక్యులేటెడ్ కాలమ్‌గా పెడితే ఫిల్టర్ క్వెరీ ఒప్పుకోదు. బహుళ వరుసల టెక్స్ట్ కాలమ్‌నీ ఒప్పుకోదు. రూలులో ఉన్నది 50,000 ‘మించితే’ అని. కాబట్టి ‘జీటీ’ (కన్నా ఎక్కువ) వాడాలి, ‘జీఈ’ (ఎక్కువ లేదా సమానం) కాదు. సరిగ్గా 50,000 ఉన్నది రాకూడదు. ఇంకో రాష్ట్రానికి పోతున్నప్పుడు దూరం తక్కువ కదా అనే మాట చెల్లదు, ఏరు దాటితే దాటినట్టే.

ముతక జల్లెడ

మొదట ఇండెక్స్, అంటే కాలమ్‌లో త్వరగా వెతకడానికి షేర్‌పాయింట్ పెట్టుకునే సూచిక. 5,000 దాటిన లిస్టులో ఇండెక్స్ లేని కాలమ్ మీద ఫిల్టర్ క్వెరీ పెడితే ‘లిస్ట్ వ్యూ త్రెషోల్డ్’ అనే ఎర్రర్ వస్తుంది. లిస్ట్ సెట్టింగ్స్, ఇండెక్స్‌డ్ కాలమ్స్, క్రియేట్ ఎ న్యూ ఇండెక్స్, అందులో బిల్‌డేట్ ఎంచుకోండి. ఒక లిస్టుకి 20 ఇండెక్సుల వరకు పెట్టొచ్చు, మీకు ఇదొక్కటీ చాలు. ఆలస్యం చేయకండి. లిస్టు 20,000 దాటాక చేత్తో ఇండెక్స్ చేర్చనివ్వదు, మీరు ఏడు వేల దగ్గర ఉన్నారు.

తర్వాత తేదీ. ఫ్లో మొదలులో ఒక కంపోజ్ (ఒక విలువని లెక్కించి పట్టి ఉంచే యాక్షన్) పెట్టి దానికి ‘ఫ్రమ్‌డేట్’ అని పేరిచ్చి, ఎక్స్‌ప్రెషన్‌లో ఇది రాయండి:

కన్వర్ట్‌టైమ్‌జోన్(యాడ్‌డేస్(యూటీసీనౌ(), -15), 'యూటీసీ', 'ఇండియా స్టాండర్డ్ టైమ్', 'వైవైవైవై-ఎంఎం-డీడీ')

మన టైమ్‌లోకి మార్చడం ఎందుకంటే, ఫ్లో లోపలి గడియారం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), మనకన్నా అయిదున్నర గంటలు వెనక. మీ ఫ్లో నడిచే 5 గంటలకి అక్కడ ఇంకా ముందురోజు రాత్రి 11:30. ‘ఈ రోజు బిల్లులు’ అని నేరుగా యూటీసీ తేదీతో అడిగితే నిన్నటివి వస్తాయి. మధ్యాహ్నం టెస్ట్ చేస్తే సరిగ్గానే వస్తాయి, తెల్లవారి మాత్రం తప్పుతాయి, అందుకే ఈ తప్పు పట్టుకోవడం కష్టం. రికరెన్స్ ట్రిగర్‌లో టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా అని ఉన్నదాన్ని ఎంచుకున్నా సరే, అది ఫ్లో ఎప్పుడు లేవాలో మాత్రమే చెబుతుంది, లోపలి తేదీలను మార్చదు.

ఇంకో చిన్న ముల్లు: నెల కోసం రాసే ‘ఎంఎం’ పెద్దక్షరాల్లో ఉండాలి. చిన్నక్షరాల్లో కొడితే అది నిమిషాలు. సరిగ్గా 5:00కి నడిచే ఫ్లోలో నెల స్థానంలో సున్నాలు పడతాయి. సంవత్సరం, రోజు మాత్రం చిన్నక్షరాలే.

ఇప్పుడు గెట్ ఐటమ్స్ తెరిచి ఫిల్టర్ క్వెరీ గడిలో:

బిల్‌డేట్ జీఈ '[ఫ్రమ్‌డేట్ అవుట్‌పుట్]' యాండ్ ఈవేవాల్యూ జీటీ 50000

చదరపు బ్రాకెట్ల దగ్గర డైనమిక్ కంటెంట్ నుంచి కంపోజ్ అవుట్‌పుట్ ఎంచుకోవాలి, చుట్టూ సింగిల్ కోట్‌లు ఉంచాలి. తేదీకీ టెక్స్ట్‌కీ కోట్‌లు కావాలి, నంబరుకి వద్దు. 50,000 అని కామా పెట్టినా ఎర్రరే. జీఈ, జీటీ, యాండ్ అన్నీ చిన్నక్షరాలు. ఇండెక్స్ ఉన్న బిల్‌డేట్ ముందు రావాలి, ఎందుకంటే అది ముందే వరుసల్ని 5,000 లోపుకి కుదించాలి. ఇక్కడ ‘ఆర్’ వాడకండి, ఒక వైపు కాలమ్‌కి ఇండెక్స్ లేకపోతే మళ్ళీ అదే త్రెషోల్డ్ గొడవ. టెక్స్ట్ విలువలోనే అపాస్ట్రఫీ ఉంటే దాన్ని రెండుసార్లు కొట్టాలి.

టాప్ కౌంట్ ఖాళీగా వదిలి, పేజినేషన్ ఆన్‌లోనే ఉంచి, త్రెషోల్డ్ 5,000 పెట్టండి. పదిహేను రోజుల బిల్లులే కాబట్టి అంత దూరం పోదు.

షిప్‌స్టేట్‌ని ఈ క్వెరీలో ఎందుకు పెట్టలేదో చెప్పాలి. ‘షిప్‌స్టేట్ ఈక్యూ '37'’ (37కి సమానం) అని పెట్టి ఉంటే రాష్ట్రం రాయడం మరిచిపోయిన బిల్లు ఇక్కడే పోయేది. తెల్లవారి జాబితాలో ఉండాల్సిన మొదటి బిల్లు అదే. రాయగడ మీదుగా ఛత్తీస్‌గఢ్ పోయే బండి ఎప్పుడైనా ఉంటే అదీ పోయేది. అందుకని ఖాళీలున్న కాలమ్‌లని సన్న జల్లెడకి వదిలాను.

సన్న జల్లెడ

డేటా ఆపరేషన్‌లో ఫిల్టర్ యారే తెచ్చి, ‘ఫ్రమ్’ గడిలో గెట్ ఐటమ్స్ వారి ‘వాల్యూ’ పెట్టండి. ఒక్క షరతు రాసే వరుస కనబడుతుంది. మనకి మూడు కావాలి కాబట్టి ఎడిట్ ఇన్ అడ్వాన్స్‌డ్ మోడ్ నొక్కి ఇది రాయండి:

@యాండ్(
నాట్(ఈక్వల్స్(ట్రిమ్(కోలెస్(ఐటమ్()?['షిప్‌స్టేట్'], '')), '21')),
నాట్(ఈక్వల్స్(ఐటమ్()?['క్యాన్సిల్డ్'], ట్రూ)),
నాట్(ఈక్వల్స్(లెంత్(ట్రిమ్(కోలెస్(ఐటమ్()?['ఈడబ్ల్యూబీనంబర్'], ''))), 12))
)

అతికించేటప్పుడు అంతా ఒకే వరుసలో ఉంచండి. ఒక్కో ముక్కా ఎందుకుందో చూద్దాం.

ఐటమ్ తర్వాతి ప్రశ్నార్థకం అలంకారం కాదు. షేర్‌పాయింట్ ఖాళీ గడిని చాలాసార్లు అసలు పంపనే పంపదు. ప్రశ్నార్థకం లేకపోతే ఆ వరుస దగ్గర ఫ్లో ఎర్రర్‌తో ఆగుతుంది. ఉంటే ఖాళీగా తీసుకుని ముందుకు పోతుంది. ఆ ఖాళీని నేరుగా ట్రిమ్‌కి ఇస్తే అది కూడా ‘స్ట్రింగ్ ఇవ్వాలి, నల్ ఇచ్చారు’ అని మొరాయిస్తుంది. మధ్యలో కోలెస్ ఉన్నది అందుకే: విలువ ఉంటే విలువ, లేకపోతే రెండు సింగిల్ కోట్‌ల మధ్య ఉన్న ఖాళీ మాట. వెయ్యి బిల్లుల్లో ఒక్కదానికి రాష్ట్రం రాయకపోయినా జాబితా మొత్తం ఆగకుండా ఉండేది దీనివల్లే.

మొదటి షరతు ‘21 కానివి’ అని ఉంది కాబట్టి 37, 36, 22తో పాటు ఖాళీవి కూడా వస్తాయి. మెయిల్‌లో రాష్ట్రం గడి ఖాళీగా కనబడితే ముందు దాన్ని నింపాలని మనిషికి తెలుస్తుంది. షిప్‌స్టేట్‌ని ఛాయిస్ కాలమ్‌గా పెట్టుకుని ఉంటే ఐటమ్()?['షిప్‌స్టేట్']?['వాల్యూ'] అని రాయాలి. ఛాయిస్‌లో మాట లోపల ఒక మెట్టు కిందుంటుంది.

రెండోది క్యాన్సిల్డ్, ఎస్ ఆర్ నో కాలమ్. ఇక్కడ ‘ఫాల్స్‌కి సమానం’ అని రాయకండి. ఆ కాలమ్ మధ్యలో చేర్చి ఉంటే, అంతకు ముందున్న పాత బిల్లులకి అది ట్రూ కాదు, ఫాల్స్ కూడా కాదు, ఖాళీ. ‘ట్రూ కానివి’ అంటే రెండు రకాలూ నిలుస్తాయి. ట్రూ చుట్టూ కోట్‌లు ఉండకూడదు. కోట్‌లు పెడితే అది నాలుగు అక్షరాల మాట అవుతుంది, అసలు ట్రూతో ఎప్పుడూ సరిపోదు, రద్దు చేసిన బిల్లులన్నీ జాబితాలోకి వచ్చేస్తాయి. ఎర్రర్ కూడా రాదు.

మూడోదానిలో ఉంది మీ నాలుగో ఫిర్యాదు. నంబరు పడ్డవి ఎందుకు వస్తున్నాయంటే, ఈ కాలమ్‌లో మనుషులు నంబరు ఒక్కటే రాయరు. ‘పెండింగ్’ అని, గీత అని, ‘డ్రైవరు దగ్గరుంది’ అని రాస్తారు. నంబరు చివర స్పేస్ కొడతారు. ‘ఖాళీ అయితే’ అనే షరతు వీటన్నిటి దగ్గరా తప్పుతుంది, రెండు వైపులా. ఈ-వే బిల్లు నంబరుకి 12 అంకెలు. కాబట్టి అటూ ఇటూ స్పేసులు తీసేసి పొడవు 12 కాకపోతే లేనట్టే లెక్క వేయడం గట్టి పద్ధతి. నంబరు మధ్యలో నాలుగంకెలకొక స్పేస్ పెట్టే అలవాటు మీ గుమాస్తాకి ఉంటే, ట్రిమ్ బదులు రీప్లేస్ వాడి స్పేసులన్నీ తీసేయండి: రీప్లేస్(కోలెస్(ఐటమ్()?['ఈడబ్ల్యూబీనంబర్'], ''), ' ', ''). ఈ కాలమ్ టెక్స్ట్‌గానే ఉండాలి. నంబర్ కాలమ్‌గా పెడితే లెంత్ ఒప్పుకోదు. ఎక్సెల్‌లోకి తీస్తే 12 అంకెలు ‘1.2ఈ+11’ లాగ ముడుచుకుపోతాయి.

ఫిల్టర్ యారే చిన్నక్షరం పెద్దక్షరం తేడా పట్టించుకుంటుంది, షేర్‌పాయింట్ ఫిల్టర్ క్వెరీ పట్టించుకోదు. ఒకే షరతు అక్కడ పనిచేసి ఇక్కడ పనిచేయకపోతే ముందు ఇదే చూడండి. అలాగే ఇక్కడ తేదీలను పోల్చాల్సివస్తే సంవత్సరం ముందు, నెల తర్వాత, రోజు చివర ఉండాలి. పోల్చేది అక్షరాలుగా కాబట్టి ‘09-12-2025’ అనేది ‘08-01-2026’ కన్నా పెద్దదైపోతుంది.

మెయిల్

ఫిల్టర్ యారే తర్వాత సెలెక్ట్ పెట్టి, దాని ‘ఫ్రమ్’లో ఫిల్టర్ యారే వారి ‘బాడీ’ ఇవ్వండి. డైనమిక్ కంటెంట్‌లో గెట్ ఐటమ్స్ ‘వాల్యూ’ కూడా అక్కడే ఊరిస్తూ ఉంటుంది. దాన్ని నొక్కితే వడగట్టిన శ్రమంతా వృథా, మెయిల్‌లో అన్ని బిల్లులూ వస్తాయి. ‘ఫిల్టర్ పనిచేయట్లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. సెలెక్ట్ మ్యాప్‌లో ఎడమవైపు తెలుగు శీర్షికలు నిక్షేపంగా రాసుకోవచ్చు: బిల్లు నంబరు, తేదీ, పార్టీ, రాష్ట్రం, విలువ. కుడివైపు ఎక్స్‌ప్రెషన్‌లో ఐటమ్()?['ఈవేవాల్యూ'] అని చేత్తో రాయండి. గెట్ ఐటమ్స్ కింద ఉన్న పేర్లని నొక్కితే డిజైనరు తనంతట తానే మళ్ళీ అప్లై టు ఈచ్ చుట్టేస్తుంది. అలా చుడితే అన్‌డూ చేసి తీసేయండి.

దాని కింద క్రియేట్ హెచ్‌టీఎంఎల్ టేబుల్, దాని అవుట్‌పుట్ మెయిల్ బాడీలోకి. లూప్ బయట ఉంది కాబట్టి ఒక్కటే మెయిల్. హెచ్‌టీఎంఎల్ బదులు సీఎస్‌వీ ఫైలు జతచేయాలనుకుంటే, ఎక్సెల్‌లో తెలుగు, ఒడియా పేర్లు పిచ్చి గీతలుగా కనబడతాయి. ఫైలు కంటెంట్ ముందు యూఆర్ఐకాంపొనెంట్‌టుస్ట్రింగ్('%ఈఎఫ్%బీబీ%బీఎఫ్') ని కాన్‌క్యాట్‌తో అతికిస్తే సరిపోతుంది. అది లిపి ఏదో ఎక్సెల్‌కి చెప్పే గుర్తు.

బిల్లులు లిస్టులో కాకుండా ఎక్సెల్ టేబుల్‌లోనే ఉంచాలనే ఆలోచన ఎవరికైనా ఉంటే, అక్కడ ముతక జల్లెడ బలహీనం. డిఫాల్ట్‌గా 256 వరుసలే వస్తాయి, ఫిల్టర్ క్వెరీ ఒక్క కాలమ్ మీద ఒక్క షరతే తీసుకుంటుంది, పెద్దది చిన్నది అనే పోలిక లేనే లేదు. విలువలన్నీ టెక్స్ట్‌గా వస్తాయి. టెక్స్ట్ లెక్కలో 9800 అనేది 50000 కన్నా పెద్దది, మొదటి అక్షరం 9 కాబట్టి. ఫ్లోట్‌తో నంబరుగా మార్చాలి, మార్చేముందు 1,05,000 లోని కామాలను రీప్లేస్‌తో తీయాలి. తేదీలు 45658 లాంటి అంకెలుగా వస్తాయి (అది 2025 జనవరి 1). డేట్‌టైమ్ ఫార్మాట్ అనే గడిలో ఐఎస్ఓ 8601 ఎంచుకుంటే ఆ బాధ తప్పుతుంది. అయినా రోజూ బిల్లులు ఎక్కే చోట షేర్‌పాయింట్ లిస్టే నయం.

వాడుకలో పెట్టేముందు లిస్టులో ఉత్తుత్తి బిల్లులు తొమ్మిది వేయండి. రాష్ట్రం 37తో సరిగ్గా 50,000 ఒకటి, 50,001 ఒకటి. 21తో 80,000 ఒకటి. రాష్ట్రం ఖాళీగా 60,000 ఒకటి. 37తో 60,000 పెట్టి రద్దు చేసినది ఒకటి. అదే మొత్తంతో క్యాన్సిల్డ్ గడి ముట్టుకోనిది ఒకటి. నంబరు గడిలో ‘పెండింగ్’ అని ఉన్నది ఒకటి. 12 అంకెల నంబరు చివర స్పేస్ ఉన్నది ఒకటి. పదహారు రోజుల కిందటి తేదీతో ఒకటి. చివరి మూడింటికీ రాష్ట్రం 37, మొత్తం 60,000 ఉంచండి, లేకపోతే వేరే షరతు దగ్గరే ఆగిపోయి మీరు అనుకున్నది పరీక్షించినట్టు కాదు. మెయిల్‌లో నాలుగే రావాలి: 50,001ది, రాష్ట్రం ఖాళీది, క్యాన్సిల్డ్ ముట్టుకోనిది, పెండింగ్‌ది. పరీక్షని పగలు ఒకసారి, ట్రిగర్ టైమ్ 5 గంటలకే ఉంచి తెల్లవారి ఒకసారి చూడాలి. తేదీ తప్పులు రెండోసారే బయటపడతాయి.

రన్ హిస్టరీలో గెట్ ఐటమ్స్ ఎన్ని తెచ్చిందో అప్పుడప్పుడు చూస్తూ ఉండండి. సరిగ్గా 100 వచ్చినా, సరిగ్గా 5,000 వచ్చినా అనుమానించాలి. నిజమైన బిల్లుల లెక్క అంత గుండ్రంగా ఉండదు, ఎక్కడో హద్దు తగిలి మిగతావి బయట ఆగిపోయి ఉంటాయి.

జాబితా ఖాళీ వచ్చిన రోజు కూడా మెయిల్ పంపండి. ఫిల్టర్ యారే బాడీ మీద లెంత్ పెట్టి, సున్నా అయితే ‘ఈ రోజు ఏమీ లేవు’ అని ఒక వాక్యం, లేకపోతే టేబుల్. ఆ రోజుకి మెయిలే రాకపోతే బిల్లులు లేక రాలేదో, ఫ్లో పడిపోయి రాలేదో తెల్లవారి 5:10కి బండి ఎక్కించే మనిషికి తెలియదు.